ముందు పార్కా, ముందు కసువా?

ప్రతి ఏడూ ఆగస్టు చివర మొదలై సెప్టెంబరు దాకా అమెరికాలోని న్యూయార్కు నగరంలో యు.ఎస్. ఓపెన్ టెన్నిస్ పోటీలు జరుగుతాయి. మన హైదరాబాదు సానియా మీర్జా 2014లో అక్కడ మిక్స్‌డ్ డబుల్స్ కప్పు, మరుసటి ఏడు మహిళల డబుల్స్ కప్పు గెలిచింది. టీవీలో చూసినవాళ్లకు నీలం రంగు కోర్టులు, చుట్టూ చెట్లు, వేలాది జనం కనిపించి ఉంటారు. ఆ నేల కింద ఏముందో మాత్రం టీవీలో కనిపించదు. వందేళ్ల కిందట అది బ్రూక్లిన్ ఇళ్లలో కాల్చిన బొగ్గు బూడిదను తెచ్చి పారబోసిన చోటు.

ఆ చోటి పేరు కరోనా. జబ్బుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, అక్కడి పేట పేరు అది. ఫ్లషింగ్ వాగు పక్కన ఉప్పు చిత్తడి నేల ఉండేది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైలు పెట్టెల నిండా బూడిద, చెత్త తెచ్చి అందులో పోశారు. ఒక దిబ్బ ఎంత ఎత్తు పెరిగిందంటే జనం దాన్ని కరోనా కొండ అని ఎగతాళిగా పిలిచేవాళ్లు. 1925లో వచ్చిన 'ది గ్రేట్ గాట్స్‌బీ' నవలలోని బూడిద లోయ ఇదేనని చెబుతారు. 1934లో న్యూయార్కు పార్కుల కమిషనర్ అయిన రాబర్ట్ మోసెస్ కన్ను దాని మీద పడింది. పార్కు అంటే డబ్బు ఇవ్వరు, ప్రపంచ ప్రదర్శన అంటే ఇస్తారు. అందుకని 1939 ప్రపంచ ప్రదర్శనను ఆ దిబ్బల మీదికి తెచ్చాడు. బూడిదను చదును చేశారు, కొంత కొత్త రోడ్ల కింద పరిచారు, చెరువులు తవ్వారు. ప్రదర్శనకు లాభం రాలేదు, పార్కు సగంలో నిలిచింది. 1964లో ఇంకో ప్రదర్శన పెట్టి మిగతా పని చేయించాడు. అంటే బూడిద దిబ్బ పూర్తిగా పార్కు కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ఈ మధ్యలో ఒక చిత్రం జరిగింది. 1946 నుంచి 1950 దాకా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు సొంత ఇల్లు లేదు. ప్రదర్శన కోసం న్యూయార్కు నగరం కట్టిన భవనంలోనే, ఆ బూడిద నేల మీదే, సభ కూర్చునేది. 1946లో దక్షిణాఫ్రికాలోని భారతీయులకు జరుగుతున్న అన్యాయం గురించి విజయలక్ష్మీ పండిట్ వాదించి గెలిచింది ఆ సభలోనే. నేటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లు వేలమంది. వాళ్ల తరఫున ప్రపంచం ముందు మాట పడిన చోటు ఒకప్పటి కసువు దిబ్బ అని చరిత్ర పుస్తకాల్లో రాయరు.

మోసెస్‌ను పొగడటానికి ఇది రాయటం లేదు. అదే మోసెస్ 1948లో స్టేటన్ ద్వీపంలో ఫ్రెష్ కిల్స్ అనే చోట ఇంకో దిబ్బ మొదలుపెట్టించాడు. మూడేళ్లే, తాత్కాలికం, ఆ తర్వాత పార్కు, ఇళ్లు వస్తాయి అని అక్కడి జనానికి చెప్పారు. అది మూతపడింది 2001 మార్చిలో. మూడేళ్లు యాభై మూడేళ్లయింది. 2,200 ఎకరాల ఆ నేల ఇప్పుడు కొంచెం కొంచెంగా పార్కు అవుతోంది. దిబ్బల చరిత్రలో 'తాత్కాలికం' కంటే భయపడవలసిన మాట నాకు కనిపించలేదు.

న్యూయార్కు సంగతి గురుబరపల్లిలో కూర్చుని ఎందుకు చెప్పుకోవాలి? ఎందుకంటే మన చుట్టూ ఊళ్లు చాలా వేగంగా పెరుగుతున్నాయి. మన జిల్లా పుట్టిందే 2004లో. హోసూరు 2019లో మహానగరపాలిక అయింది. రోడ్డు పక్కన సిప్కాట్ ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటి వెనకే అద్దె ఇళ్లు, హోటళ్లు, బేకరీలు వచ్చాయి. ఊరు పెరిగితే కసువు పెరుగుతుంది. ఆ కసువు ఎక్కడికో ఒకచోటికి పోవాలి. ఆ 'ఎక్కడికో' అనేది ఎవరి ఊరు అన్నదే అసలు ప్రశ్న.

పాత రోజుల్లో మన పల్లెల్లో ఈ ప్రశ్నే లేదు. ప్రతి ఇంటికీ ఒక తిప్ప ఉండేది. పేడ, బూడిద, ఆకులు, ఊడ్చిన కసువు అన్నీ అందులోకే. వానలకు ముందు బండ్లకెత్తి చేలకు తోలేవాళ్లు. తిప్ప పెద్దదంటే ఇంట్లో పశువులు ఎక్కువ అని అర్థం, అంటే కలిగిన ఇల్లు. ఆ తిప్ప దిబ్బ కాదు, బ్యాంకు లాంటిది. ఏటేటా ఖాళీ అయ్యేది. ఈ పల్లె పద్ధతినే పెద్ద శాస్త్రవేత్తలు కూడా చూసి నేర్చుకున్నారు. ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఇందోరులో 1924 నుంచి 1931 వరకు పనిచేసి 'ఇందోరు పద్ధతి' ఎరువును తయారుచేశాడు. 1939లో మనకు దగ్గరలోని బెంగళూరులో సి.ఎన్. ఆచార్య పట్టణాల కసువును గుంతల్లో పొరలు పొరలుగా వేసి ఎరువు చేసే 'బెంగళూరు పద్ధతి' కనిపెట్టాడు. ఆ రెండు పేర్లూ ఇప్పటికీ ప్రపంచమంతటా వ్యవసాయ పుస్తకాల్లో ఉన్నాయి. కానీ ఆ పద్ధతులు కుళ్లేదాన్ని నమ్ముకున్నవి. ప్లాస్టిక్ కవర్లు వచ్చి పడ్డాక తిప్పను చేనికి తోలేవాడు లేడు. ఖాళీ కాని తిప్పే దిబ్బ అయింది.

దిబ్బ నిండాక ఆ నేలను ఏం చేయాలి? ఇళ్లు కట్టకూడదు, ఎందుకంటే లోపల కుళ్లేకొద్దీ నేల కుంగుతుంది, ఒకచోట జానెడు, ఇంకోచోట నిలువెత్తు. లోపల మీథేన్ వాయువు పుడుతుంది, అది అంటుకుంటుంది. వానపడితే నల్లటి ఊట దిగుతుంది, ఇంజనీర్లు దాన్ని లీచేట్ అంటారు, అది బావుల్లోకి పోతుంది. బరువు మోయలేని నేల, కొనేవాడు లేని నేల. అందుకే ప్రపంచంలో చాలా నగరాలు చివరికి ఆ నేలను తీసుకుని ఆటస్థలమో, పార్కో చేశాయి. దయతో చేసినవి తక్కువ, వేరే దారి లేక చేసినవి ఎక్కువ.

అయితే ఒక ఊరు మాత్రం తలకిందులుగా ఆలోచించింది. కాలిఫోర్నియాలో మౌంటెన్ వ్యూ అనే పట్టణం. ఇప్పుడు గూగుల్ ముఖ్య కార్యాలయం ఉన్న ఊరు. దాని చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 1960ల్లో ఆ ఊరి అంచున, సముద్రపు పాయ ఒడ్డున, పందుల దొడ్లు, పాత కార్లు విరగ్గొట్టే చోట్లు, పనికిరాని చిత్తడి ఉండేవి. తోటలకు బోర్లతో నీళ్లు తోడీ తోడీ ఆ లోయలో భూమే దిగిపోయింది కాబట్టి పోటెత్తితే నీళ్లు వచ్చేవి. పట్టణానికి అక్కడ పెద్ద పార్కు కావాలి. నేల ఎత్తు చేయాలంటే మట్టి కావాలి, మట్టికి డబ్బు లేదు. అదే సమయంలో సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని శాన్ ఫ్రాన్సిస్కోకు కసువు వేయడానికి చోటు లేదు. మౌంటెన్ వ్యూ పాలక సంఘం లెక్క వేసింది: మీ కసువు మా దగ్గర వేయండి, వేసినందుకు రుసుము కట్టండి, నేల ఎత్తు పెరుగుతుంది, ఆ డబ్బుతో పార్కు కడతాం.

ఇక్కడ గమనించవలసింది వరుస. ముందు పార్కు నక్ష, తర్వాత దానికోసం 1969లో రాష్ట్ర చట్టం ద్వారా ఒక ప్రత్యేక సంస్థ, ఆ తర్వాతే లారీలు. ఎక్కడ గుట్ట రావాలి, ఎక్కడ చెరువు రావాలి అన్నది ముందే గీసుకున్నారు. ఎప్పుడు ఆపాలో కూడా వాళ్ల చేతిలోనే ఉంది. 1983లో షోర్‌లైన్ పార్కు తెరిచారు. పడవల చెరువు, గోల్ఫ్ మైదానం, నడక దారులు వచ్చాయి. 1867లో కట్టిన ఒక పాత ఇంటిని కూడా ఎత్తి తెచ్చి పార్కులో నిలబెట్టారు.

అంత జాగ్రత్తగా చేసినా దెబ్బ తగిలింది. 1986లో ఆ నేల మీదే పెద్ద ఆరుబయలు సంగీత వేదిక కట్టారు. ఇరవై వేల మందికి పైగా పడతారు, వెనకవైపు జనం పచ్చిక మీదే కూర్చుంటారు. మొదటి ఏడే కచేరీ నడుస్తుంటే పచ్చికలో అక్కడక్కడ మంటలు లేచాయి. పాట నచ్చితే లైటర్ వెలిగించి ఊపడం అప్పటి అలవాటు. కింద నుంచి మీథేన్ పైకి చిమ్ముతోంది, లైటర్ తగిలింది. పచ్చిక మొత్తం తీసి, వాయువు పైకి రాకుండా పొర పరిచి, పైపులు వేసి, మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ పార్కు కింద పైపులు వాయువును లాగుతూనే ఉన్నాయి. కుంగినచోట మట్టి పోస్తూనే ఉన్నారు. అక్కడ బొరియల్లో కాపురముండే ఒక జాతి గుడ్లగూబ ఉంది, దాన్ని చట్టం కాపాడుతుంది. నేల మీద మట్టి కప్పు చెదరకూడదు, గూబ బొరియా పోకూడదు. రెండూ చూసుకోవడానికి మనుషులకు జీతాలిచ్చి పెట్టుకున్నారు.

ఆ జీతాలు ఎక్కడివి? 1969 చట్టం ప్రకారం ఆ పార్కు చుట్టుపక్కల భూముల మీద పెరిగే పన్ను ఆ సంస్థకే చెందుతుంది. తర్వాత అక్కడే పెద్ద కంపెనీలు వచ్చాయి, పన్ను విపరీతంగా పెరిగింది. అప్పుడు ఆ ఊరి బడులు అడిగాయి: మాకు రావలసిన వాటా పార్కుకు పోతోంది కదా అని. వాదనలు నడిచి, బడులకు కొంత ఇచ్చేలా ఒప్పందం చేసుకున్నారు. బడి పత్రికలో రాస్తున్నాను కాబట్టి ఈ సంగతి వదలబుద్ధి కాలేదు.

కొరియా రాజధాని సియోల్‌ది వేరే కథ. అక్కడ హాన్ నది ఒడ్డున నంజిదో అనే దీవి పూలకు పేరు. 1978 నుంచి 1993 వరకు నగరం కసువంతా అక్కడ పోశారు. తొంభై మీటర్ల పైచిలుకు ఎత్తున రెండు కొండలు లేచాయి. 2002లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలు పక్కనే స్టేడియంలో పెట్టుకుని, ఆ కొండల మీద ప్రపంచ కప్ పార్కు కట్టారు. కింద పుట్టే వాయువుతో చుట్టుపక్కల ఇళ్లకు వేడి అందిస్తున్నారు. చూడటానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ దిబ్బ మీద ఇనుము, కాగితం, సీసాలు ఏరుకుని బతికినవాళ్లు వేలమంది, అక్కడే గుడిసెలు వేసుకున్నవాళ్లు. పార్కు కథ చెప్పేటప్పుడు వాళ్ల పేరు చాలా తక్కువ వినిపిస్తుంది.

మన దేశంలో వరుస ఎప్పుడూ ఒకటే: ముందు కసువు, తర్వాత కోర్టు, చివర్లో పార్కు మాట. 1996లో అల్మిత్రా పటేల్ అనే బెంగళూరు ఆవిడ సుప్రీంకోర్టుకు వెళ్లారు. దాని ఫలితంగానే 2000లో పట్టణ చెత్తకు మొదటి నియమాలు వచ్చాయి, 2016లో కొత్తవి వచ్చాయి. పాత దిబ్బలను తవ్వి జల్లించాలి, కుదరకపోతే కప్పెట్టాలి అని 2016 నియమాలు చెప్పాయి. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ రెండో విడతలో పట్టణాల పాత దిబ్బలన్నీ తీసేయాలని లక్ష్యం పెట్టారు.

తవ్వి జల్లించడాన్ని బయోమైనింగ్ అంటారు. పేరు కొత్తదే గాని పని మన కళ్లంలో పని లాంటిదే. దిబ్బను తవ్వి వరుసలుగా పోస్తారు, క్రిములు కలిపిన నీళ్లు చల్లి, తిరగేసి, ఆరబెడతారు. ఆరాక పెద్ద తిరిగే జల్లెళ్లలో వేస్తారు. మట్టి ఒకవైపు, రాళ్లు ఒకవైపు, ప్లాస్టిక్ ఒకవైపు పడతాయి. ప్లాస్టిక్‌ను సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికి పంపుతారు, రాళ్లు పల్లాలకు పోస్తారు. మట్టిలో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు కాబట్టి పరీక్ష చేయకుండా కూరగాయల చేనికి తోలకూడదు. హోవర్డ్ ఎరువు చేసిన ఇందోరులోనే వంద ఎకరాల దిబ్బను, సుమారు 13 లక్షల టన్నులను, 2019 నాటికి ఇలా జల్లించేసి చెట్లు నాటారు. పాత ఇందోరు పద్ధతిని కొనసాగించి ఉంటే ఆ దిబ్బే వచ్చి ఉండేది కాదు కదా అని అనిపిస్తుంది.

హైదరాబాదు రెండో దారి పట్టింది. నగరం కసువు 2000 తర్వాత జవహర్‌నగర్‌కు చేరింది. సుమారు 350 ఎకరాల చోటు. కోటి టన్నులకు పైగా పేరుకుంది. దాన్ని తవ్వకుండా మట్టి, ప్లాస్టిక్ పొర కప్పి పైన గడ్డి పెంచారు, దీన్ని క్యాపింగ్ అంటారు. వాయువు పోవడానికి గొట్టాలు పెట్టారు. 2020లో అక్కడే కసువు కాల్చి కరెంటు తీసే కేంద్రం మొదలైంది. దూరం నుంచి ఇప్పుడది పచ్చటి గుట్ట. కానీ దిబ్బ నల్లటి ఊట పక్కనున్న మల్కారం చెరువులోకి ఏళ్ల తరబడి దిగింది, చుట్టుపక్కల బోరు నీళ్లు చెడ్డాయి. పైన గడ్డి మొలిచినంత మాత్రాన కింద బావి బాగుపడదు. జవహర్‌నగర్ కసువు జవహర్‌నగర్‌ది కాదు, ఊరంతటిది. వాసన మాత్రం వాళ్లది. రేపు ఆ గుట్ట మీద పార్కు వస్తే టికెట్టు లేకుండా ముందు నడవవలసింది వాళ్లు.

ఇంక చెన్నై. అక్కడ దక్షిణాన పెరుంగుడి దిబ్బ, ఉత్తరాన కొడుంగైయూరు దిబ్బ ఉన్నాయి, రెండూ 1980ల నుంచి పెరిగినవే. కొడుంగైయూరు చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువగా కూలీనాలీ చేసుకునేవాళ్లు. పెరుంగుడి దిబ్బను వేసింది పళ్లికరణై చిత్తడిలో. పనికిరాని నేల అని కాగితాల్లో రాసుకుని పోశారు. ఆ చిత్తడే దక్షిణ చెన్నై చెరువుల మిగులు నీళ్లన్నీ పట్టి, ఒక్కియం మడువు మీదుగా కోవలం వైపు సముద్రానికి పంపే చోటు. దాని సగం మీద ఇళ్లు, కంపెనీలు, దిబ్బ వచ్చాక 2015 డిసెంబరు వరదల్లో ఆ చుట్టుపక్కల పేటలు ఎలా మునిగాయో మన ఇళ్లల్లో పెద్దవాళ్లు టీవీలో చూసే ఉంటారు. 2022 ఏప్రిల్‌లో దిబ్బ అంటుకుని రోజుల తరబడి పొగ చిమ్మింది. అదే ఏడు పళ్లికరణై చిత్తడికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది, అంటే ప్రపంచం కాపాడవలసిన తడినేల అని. ఒకే చోటికి ఒకే ఏడు పొగా, బిరుదూ!

ఇప్పుడు పెరుంగుడిలో జల్లెళ్లు తిరుగుతున్నాయి, ఎకరాల కొద్దీ నేల బయటపడింది. ఖాళీ అయిన చోట పర్యావరణ పార్కు కడతామని నగరపాలిక ప్రకటించింది. నడక దారులు, చెట్లు, పిల్లలకు ఆటలు. వద్దని ఎవరంటారు? నాకు మాత్రం మౌంటెన్ వ్యూ వాళ్ల వరుస గుర్తొస్తుంది. వాళ్లు ఏం కావాలో ముందు అనుకుని నేలను నింపారు. పెరుంగుడిలో నింపకముందు అక్కడ ఏముండేదో మనకు తెలుసు, నీళ్లు. ఆ నీళ్లకు చోటు ఇవ్వకుండా దారులకు సిమెంటు పోస్తే అది రెండోసారి పూడ్చడమే అవుతుంది.

నన్ను అడిగితే, దిబ్బ తీసిన నేలలో ఎక్కువ భాగం చిత్తడికి తిరిగి ఇచ్చేయాలి. అంచున మాత్రం ఒక గట్టు కట్టి, ఇన్నేళ్లూ ఆ పొగ పీల్చిన పేటల పిల్లలకు ఒక ఆటస్థలం వేయాలి. చలికాలంలో పళ్లికరణైకి ఫ్లెమింగోలు వస్తాయి. క్రికెట్ ఆడుతూ గట్టు మీద నిలబడితే కనపడతాయి.